పెత్రమాసనాడు రెండో విస్తరి

డిటెక్టివ్ లక్ష్మీకాంతరావు పొద్దున్నే బాలమల్లు ఉండే బావి దగ్గర లూనా ఆపి, టోపీ సర్దుకుని, ఎడమ చంకలోని కోడిపుంజును కుడి చంకలోకి మార్చుకున్నాడు. ఆ పుంజు ఆయన ఫీజు. నిన్న సాయంత్రం కరీంనగర్‌లో ఆయన ఆఫీసు మెట్లెక్కి, దాన్ని బల్లమీద నిలబెట్టి, "మా అత్తను దేవులాడియ్యుండ్రి దొరా" అని బాలమల్లు పెళ్ళాం బుచ్చవ్వ ఏడ్చింది. పుంజు బల్లమీద ఏం చేసిందో చెప్పుకోవడం మర్యాద కాదు. రాత్రి ఇంటికి తీసుకుపోతే తల్లి రుక్మాబాయి గడపలోనే ఆపేసింది. "ఇంట్ల అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్నది. తల్లి లేకపోతే తన ఇల్లు ఎలా గడుస్తుందో డిటెక్టివుకు బాగా తెలుసు కనుక, పుంజే బయటికి వచ్చింది.

అసలు సంగతి ఇది. పదకొండు గంటలకు దుబ్బమల్లారం బడి దగ్గర పించన్ల హాజరు. ముసలితనపు పించన్ అందుకునే ప్రతి మనిషీ స్వయంగా వచ్చి, మండలాధికారి ముందు నిలబడి, వేలిముద్ర వేసి పోవాలి. రానివాళ్ళు లేనట్టే లెక్క. బుచ్చవ్వ అత్త లింగవ్వకు ఆ పించన్ నెలనెలా మనియార్డరుగా వస్తుంది. మొన్న పెత్రమాస, చనిపోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య. నిన్న తెల్లారి చూస్తే లింగవ్వ లేదు.

"బావి చూసిండ్రా?" అన్నాడు లక్ష్మీకాంతరావు మొట్టమొదట.

"చూసినం దొరా. గాలమేసి వెదికిండు మా ఆయన. కప్పలే ఉన్నయి."

"దొర అనకు బుచ్చవ్వా. అసలే రోజులు మంచిగ లెవ్వు. అడవిల తిరిగే అన్నల చెవున పడితె నా లూనా సుత గుంజుకుంటరు. సార్ అను."

"సరే దొరా."

డిటెక్టివ్ నిట్టూర్చి, జేబులోంచి పెన్సిలు తీశాడు. బాలమల్లును, బుచ్చవ్వను ఎదురుగా నిలబెట్టాడు. బాలమల్లు నలభై ఏళ్ళవాడు, కాగజ్‌నగర్ దిక్కునుంచి పాలేరుగా జీతముండటానికి వచ్చి ఈ బావి దగ్గరే గుడిసె వేసుకున్నవాడు. ఊరికి ఈ బావి ఎడం. ఇక్కడ ఎవరేం తిన్నారో, ఎవరేం కట్టుకున్నారో ఊళ్ళోవాళ్ళకు పట్టదు.

"మనిషి ఆనవాళ్లు చెప్పుండ్రి. ఎట్లుంటది?"

"పొట్టిగుంటది" అంది బుచ్చవ్వ.

"పొడుగుంటది" అన్నాడు బాలమల్లు, అదే ఊపిరిలో.

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "కూసుంటె పొట్టి, నిలవడితె పొడుగు సారూ" అని సర్దింది బుచ్చవ్వ.

"చెయ్యి మీద పచ్చబొట్టు?"

"ఉన్నది," "లేదు" అని రెండు గొంతులు కలిసి వచ్చాయి.

"ఉండె సారూ, అరిగిపోయింది" అంది బుచ్చవ్వ.

పచ్చబొట్టు అరగడం లక్ష్మీకాంతరావు వృత్తి జీవితంలో ఇదే మొదటిసారి వినడం. ఆయన పెన్సిలు చెవిమీద పెట్టుకున్నాడు. చంకలో పుంజు కొక్కొక్కొ అంది.

"చుట్ట తాగుతదా?"

"తాగకపోతె పొద్దే పోదు" అన్నాడు బాలమల్లు.

"మానేసింది" అని బుచ్చవ్వ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఎప్పుడు?"

"గదే... రెండేండ్లాయె."

"కొట్లాటేమన్న అయిందా? అన్నం కాడ, బట్ట కాడ?"

"అయ్యో, గదేం మాట సారూ! రొట్టె పాలల్ల నానేసి పెడ్త. పెత్రమాసకు కొత్తచీర సుత ఇచ్చిన." ఈసారి బుచ్చవ్వ కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి. "మంచిగనే తీస్కున్నది. ఏమనుకున్నదో, ఏమో. పిల్లలు నిన్నటిసంది అవ్వేది అవ్వేదని గొడవ."

"అంగళ్లకు, తీర్థాలకు పోయే అలవాటున్నదా?"

"ఐతారమైతారం అంగడికి పోతది. మళ్ల మాపటికి వస్తది."

"అంగడి బేస్తారం గదా ఈడ?"

ఆదివారానికీ గురువారానికీ పొత్తు కుదరక బుచ్చవ్వ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. లక్ష్మీకాంతరావు మీసం దువ్వుకున్నాడు. పోలీసువాళ్ళకూ తనకూ తేడా ఇక్కడే ఉందని ఆయన నమ్మకం. పోలీసువాళ్ళు జవాబులు వింటారు, తను జవాబు రాని చోటు వింటాడు. ఈ మాట ఆయన చాలామందికి చెప్పాడు, ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

గుడిసెలో ముసలమ్మ పడుకునే మూల చూపించమన్నాడు. లోపల చీకటిగా, శుభ్రంగా ఉంది. చాప చుట్టి ఉంది. దాని మీద కొత్త జమ్మికుంట నేతచీర, మడత చెదరకుండా, అంచు అంచుకు కలిపి పెట్టి ఉంది. డిటెక్టివ్ దాన్ని వాసన చూశాడు. పసుపు, కర్పూరం. చాపను వాసన చూశాడు. చుట్ట పొగ జాడ ఇసుమంత లేదు. గోడను కూడా వాసన చూడబోయి, బుచ్చవ్వ వింతగా చూడటంతో ఆగాడు.

ఎవరో ఎత్తుకుపోతే చీర ఇంత పద్ధతిగా మడతపెట్టి పోనిస్తారా? ముసలమ్మ తనంతట తనే పోయింది. అదీ ఈ చీర వద్దనుకుని పోయింది. పేదింట్లో కొత్తచీర వద్దనుకునే ఆడమనిషి ఎవరు?

అప్పుడు కనిపించాయి, తూర్పు గోడ మొదట్లో. మొన్న పెత్రమాసకు పెద్దలకు పెట్టిన చోటు. గోడకు పసుపు కుంకుమ బొట్లు, కింద మోదుగాకు విస్తర్లు, మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. ముసలమ్మ మాయమైన గాబరాలో ఎవరూ ఎత్తెయ్యలేదు. ఒక విస్తరి ముందు కొత్త ధోవతి ఉంది. పక్కన ఇంకో విస్తరి. దాని ముందు చీర పట్టేంత జాగా ఖాళీ.

లక్ష్మీకాంతరావు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. పుంజు మెడ చాచి మెతుకొకటి ఏరుకుంది.

"మల్లూ, ఇట్ల రా. ఈ ఇంట్ల పెద్దలెంతమంది?"

"మా బాపొక్కడే సారు. నా పెండ్లి గాకముందే పాయె."

"బాపుకొక విస్తరి. మరి రెండోది ఎవలికి?"

బాలమల్లు వంగి రెండో విస్తరి ఎత్తెయ్యబోయాడు.

"బతికున్న మనిషికి పెత్రమాసనాడు విస్తరెయ్యరు గద మల్లూ. విస్తరేసి, చీర పెట్టి, దండం పెట్టిండ్రంటే గా పేరు గలామె లేదన్నట్టే. మీ అవ్వ ఎప్పుడు పోయింది?"

అంత మనిషి ఒక్కసారిగా గోడకు జారగిలబడి చతికిలబడ్డాడు. "పెట్టకపోతె ఎట్ల సారూ?" అన్నాడు. "కన్నతల్లి. పోయిన యాడాది పెట్టలే. ఎవలన్న చూస్తరని బుచ్చవ్వ పెట్టనియ్యలే. యాడాదంత కలలకొచ్చింది. ఆకలైతుందిరా మల్లూ అన్నది. ఈసారి నేనుండలేకపోయిన."

ఆ తరువాత అంతా గబగబా బయటపడింది. రెండు వానకాలాల కింద లింగవ్వ కడుపునొప్పితో పోయింది. పోయిందని చెబితే మనియార్డరు బందవుతుంది. ఇంట్లో ఉప్పు, కారం, కిరసనాయిలు, పిల్లల పలక, సర్వం ఆ మనియార్డరు మీదే వస్తున్నాయి. పాత పోస్టుమాన్ అప్పుడే దిగిపోయి కొత్తాయన వచ్చాడు. "ఏడ్సినా ఎవలన్న ఇంటరని, నోట్ల తువ్వాల కుక్కుకొని ఏడ్సిన సారూ" అన్నాడు బాలమల్లు. చుట్టాలు లేరు, డప్పు లేదు. గొడ్ల కొట్టంలోనే మట్టి చేశారు.

"మరి మొన్నటిదాక ఉన్న ముసలమ్మ ఎవలు?"

"జమ్మికుంట బస్సుకాడ కూసున్నది. ఎటు పోతవవ్వా అంటె, ఎటు పిలుస్తె గటు అన్నది. పిలుసుకొచ్చిన." బాలమల్లు ముక్కు తుడుచుకున్నాడు. "ముందుగాల ఏలిముద్రకే పిలుసుకొచ్చిన సారూ, అబద్ధమెందుకు. గని ఇప్పుడు గామె లేకుంటె మా పొల్ల నిద్రపోతలేదు."

లక్ష్మీకాంతరావుకు కోపం రావాలి, రాలేదు. ఎందుకంటే ప్రతి నెలా మొదట్లో ఆయన కూడా తల్లి రుక్మాబాయిని రిక్షాలో జాగ్రత్తగా ఎక్కించి, చనిపోయిన తండ్రి సర్కారు నౌకరీ తాలూకు పించన్ తెచ్చుకోవడానికి ఖజానా ఆఫీసుకు తీసుకుపోతాడు. ఆఫీసు కిరాయి, లూనా పెట్రోలు, ఈ టోపీ, అన్నీ అందులోవే. రాత్రి ఆమె రెండుసార్లు దగ్గితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. ప్రేమతోనే, కానీ ఒట్టి ప్రేమతో మాత్రమే కాదు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ తనకు తాను చెప్పుకోలేదు. ఇప్పుడు కూడా చెప్పుకోబోయేవాడు కాదు గానీ, రెండో విస్తరి ఎదురుగా ఉంది.

"సారూ! గడ్డపారతోని తవ్వుతుండ్రు!" అని బుచ్చవ్వ బయటనుంచి కేకేసింది.

కొట్టంలో ఎస్సై రామచంద్రం చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు తవ్వుతున్నారు. రామచంద్రానికీ లక్ష్మీకాంతరావుకీ పడదు. ఒకే కాలేజీ, ఒకే బెంచీ, పోలీసు సెలక్షనుకు ఒకేరోజు పోయారు. పరుగుపందెంలో రామచంద్రం నెగ్గాడు, లక్ష్మీకాంతరావు చెప్పు తెగింది. చెప్పు తెగకపోతే ఈ జిల్లాలో నేరాలే ఉండేవి కావని లక్ష్మీకాంతరావు ఇప్పటికీ అంటాడు.

"రావుసాబ్! కోళ్ల యాపారం పెట్టినవా?" అన్నాడు ఎస్సై పుంజును చూసి.

"క్లయింటు రహస్యం. నువ్వు ఎవలడిగితె తవ్వుతున్నవు?"

"ముసలమ్మ కనిపిస్తలేదని ఊరంత అనుకుంటుంది. వచ్చి చూస్తె గొడ్లను కట్టని మూలకు దీపమున్నది. గునుగుపూలున్నయి. పెండమీద ఎవడన్న పూలేస్తడా? నా దిమాక్ గట్ల పనిచేస్తది."

ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా, ఆ మాట బాగానే ఉందని లక్ష్మీకాంతరావుకు అనిపించింది. అంతలో గడ్డపార ఆగింది. కానిస్టేబులు వంగి, చేత్తో మట్టి తీసి, ఎముక ఒకటి ఎత్తి చూపి, "బొక్కలు సార్!" అన్నాడు.

బాలమల్లు పరుగెత్తుకొచ్చి గుంత ఒడ్డున కూలబడ్డాడు. "మా అవ్వనే సారూ! జర మెల్లగ తవ్వుండ్రి, తాకుతది!"

"చూసిండ్రా? ఒప్పుకున్నడు!" ఎస్సై చప్పట్లు చరిచాడు. "తల్లిని చంపి పాతిపెట్టిండు. బేడీలెయ్యుండ్రి."

"రామచంద్రం, జర ఆగు. ముసలమ్మ ఎప్పుడు మాయమైంది?"

"నిన్న."

"నిన్న మాయమైన మనిషి ఇయ్యాల్టికి బొక్కలెట్లయితది?"

"సున్నం పోసిండు."

"సున్నమేది?"

"గది సుత మాయం చేసిండు. ముదురు."

"ఒక్కసారి చెయ్యి పెట్టి చూడు. ఈ బొక్కలు పాతయి. తక్కువల తక్కువ రెండేండ్లయి. కోర్టుల అడుగుతరు, ఏం చెప్తవు?"

ఎస్సై చూశాడు. మట్టి చూశాడు, బొక్కలు చూశాడు, టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ ముఖం చూసి లక్ష్మీకాంతరావుకు కాలేజీనాటి సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే, ఆయన వృత్తిలో ఎవరూ చేయకూడని పని చేశాడు. పందెం కాశాడు.

"పదకొండు గంటలకు బడికాడ హాజరున్నది. నువ్వు సచ్చిందన్న లింగవ్వను నీ ముంగట, ఆఫీసరు ముంగట నిలవెడుత. గప్పటిదాక మల్లు చేతికి బేడీలెయ్యకు."

"నిలవెట్టకపోతె?"

"నా ఆఫీసు బోర్డు పీకేస్త."

లూనా స్టార్టు చేస్తుంటే గానీ తను అన్నదేమిటో ఆయనకు తట్టలేదు. నిజం చెబితే బాలమల్లుకు హత్యకేసు తప్పుతుంది, సర్కారును మోసం చేసిన కేసు తగులుతుంది. చెప్పకపోతే లేని లింగవ్వను పుట్టించాలి. పైగా బోర్డు తల్లి పైసలతో రాయించింది.

ప్రతి ఆదివారం మాయమయ్యే ముసలమ్మ. పెద్దలకు పెట్టిన చీర కట్టని మనిషి. లక్ష్మీకాంతరావు బుచ్చవ్వను ఒక్క మాటే అడిగాడు. "అన్నం తినేముందు ఏం చేస్తది?" "కండ్లు మూసుకొని ఏదో అనుకుంటది సారూ. మనసుల ఏం బాధున్నదో అని మేమెన్నడు అడగలే." అంతే. పక్క ఊళ్ళో మెథడిస్టు వాళ్ళ ప్రార్థన ఇల్లు ఉంది. పెంకుటిల్లు, పైన చెక్క సిలువ.

అక్కడ ఒక ముసలమ్మ వాకిలి ఊడుస్తోంది. పాతచీర, పొట్టి మనిషి, చేతికి పచ్చబొట్టు లేదు.

"అవ్వా, నీ పేరేంది?"

ఆమె ఊడ్చడం ఆపలేదు. "ఏ పేరు గావాలె బిడ్డా? అమ్మ పెట్టిందా, మనియార్డరు మీదిదా?"

లక్ష్మీకాంతరావు పుంజును కింద దించి, టోపీ తీశాడు. కొన్నిచోట్ల డిటెక్టివుగా ఉండటం బాగుండదు.

"అమ్మ పెట్టిందే చెప్పు."

"సంతోషమ్మ." చీపురు గోడకానించి గడప మీద కూర్చుంది. "గా పేరు పిలిచేటోళ్లు ఈడనే ఉన్నరు. ఐతారం పూట అయ్యగారు 'సంతోషమ్మా, నువ్వు పాటెత్తు' అంటడు. గా ఒక్క మాటకోసమే కోసెడు దూరం నడిచొస్త."

"మల్లు వాళ్లేమన్న అన్నరా?"

"అయ్యో, ఏమంటరు! కన్నకొడుకు పెట్టని రొట్టె పెట్టిండ్రు. మా సామ్యూలైతే నీకు పించన్ సుత రాకపాయె, నిన్నేం చేసుకోవాలెనే అని బస్సెక్కిచ్చిండు. జమ్మికుంటల బిడ్డ కాడికి పొమ్మన్నడు. గా బిడ్డ ఇంటికి తాళమున్నది. మళ్ల బస్సుకాడికొచ్చి కూసున్న." ఆమె చీరకొంగుతో ముఖం తుడుచుకుంది. "మొన్న మల్లు ఏడ్సుకుంట రెండో విస్తరేసిండు. నేను తలుపుసందునుంచి చూసిన. గప్పుడు నాకెరుకైంది. లింగవ్వ పోయింది గని పేరు బతికున్నది. నేను బతికున్న గని పేరు పోయింది. రేపు నేను సస్తె ఎవలికేడుస్తరు బిడ్డా? లింగవ్వకు ఒక్కసారి ఏడ్సిండ్రు. రెండోసారి ఎందుకేడుస్తరు? నా పేరు మీద ఒక్క మనిషి ఏడ్వాలె. గంతకంటె నాకేమొద్దు."

లక్ష్మీకాంతరావు టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "అవ్వా, పోలీసోళ్లు మల్లును పట్టుకున్నరు. లింగవ్వను చంపిండని."

"వాడా? కోడిని కొయ్యమంటె కండ్లు మూసుకుంటడు!" సంతోషమ్మ లేచి నిలబడింది. పుంజును తనే ఎత్తుకుని లూనా వెనక కూర్చుంది. "నడువు. ఇయ్యాల్టికి లింగవ్వనే అయిత."

పదకొండు కాకముందే బడి ముందు జాతరలా ఉంది. ఏడాది పొడుగునా తల్లి తిన్నదా లేదా అని అడగని కొడుకులు తల్లులను వీపుమీద మోసుకొస్తున్నారు. ఒకడు గొడుగు పట్టాడు. ఒకడు తల్లి కాళ్ళు ఒత్తుతున్నాడు. "జర పైలం, మెట్టున్నది" అని కోడళ్ళు అత్తలను ముద్దు చేస్తున్నారు. ఆ పూట ఆ బడి దగ్గర ఉన్నంత మాతృభక్తి పుస్తకాల్లో కూడా దొరకదు. మండలాధికారి వేపచెట్టు కింద కుర్చీలో కూర్చుని ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. పక్కన ఎస్సై, ఎస్సై పక్కన బాలమల్లు, వాళ్ళ ముందు తెల్లగుడ్డలో చుట్టిన ఎముకల మూట.

"లింగవ్వ!"

జనం మధ్యనుంచి సంతోషమ్మ నడిచి వచ్చింది. "ఉన్న."

"అవ్వా!" అని బాలమల్లు ఆమె కాళ్ళమీద పడ్డాడు. బుచ్చవ్వ గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపులో మోసమేమీ లేదు. అధికారి ముసలమ్మ బొటనవేలు పట్టి నీలం సిరా అద్ది ముద్ర వేయించాడు. లక్ష్మీకాంతరావు మీసం మెలేసి ఎస్సై దిక్కు చూశాడు.

రామచంద్రం ముఖం మాడాలి, మాడలేదు. నవ్వుతున్నాడు.

"మంచిది రావుసాబ్. లింగవ్వ బతికున్నది. నేను తప్పు, నువ్వు ఒప్పు. మరి గీ మూటల ఉన్నదెవలు?"

డిటెక్టివు మెలేసిన మీసం వదిలేశాడు. ఆ ప్రశ్న ఒకటి ఉంటుందని పొద్దున్నుంచి ఆయనకు ఒక్కసారి కూడా తోచలేదు.

"బొక్కలు రెండేండ్లయని నువ్వే అన్నవు గదా? నీ మాట పట్టుకొనే నేను ఠాణాకు పోయి అడిగిన. రెండేండ్లసంది కనపడని ముసలమ్మ ఎవలన్న ఉన్నరా అని. ఉన్నది! వారం కిందనే కొడుకు దరఖాస్తు పెట్టిండు. ఓ సామ్యూల్, ఇట్ల రా."

జీపులోంచి ఒక బక్క మనిషి దిగాడు. సంతోషమ్మ గబుక్కున కొంగు ముఖం మీదికి లాక్కుని బుచ్చవ్వ వెనక్కు జరిగింది. జరుగుతూ లక్ష్మీకాంతరావు చొక్కా గట్టిగా పట్టుకుంది.

"ఇగో, మీ అవ్వ సంతోషమ్మ" అన్నాడు ఎస్సై మూట చూపిస్తూ. "వీని కొట్టంల దొరికింది."

"అవ్వా!" సామ్యూల్ మూటమీద పడి గుండెలు బాదుకున్నాడు. "సంతోషమ్మా! ఓ నా సంతోషమ్మవ్వా! నన్నిడిచి పోతివా!"

కొంగు చాటున ముసలమ్మ తల ఎత్తింది. ఆ పేరు పదిమందిలో, ఎండలో, అంత గట్టిగా వినిపించి ఎన్నేళ్ళయిందో. ఆమె కళ్ళు నిండిపోయాయి. చంకలోని పుంజు జారి నేలమీద పడింది, పట్టించుకోలేదు. "నాకోసమే ఏడుస్తుండు బిడ్డా" అని లక్ష్మీకాంతరావు చెవిలో గుసగుసలాడింది. "పోరడు మంచోడే. నేనే తప్పుగ అనుకున్న." ఒక అడుగు ముందుకు వేసింది కూడా. లక్ష్మీకాంతరావు చెయ్యి పట్టి ఆపాడు. ఆమె ఇప్పుడు కొడుకు దగ్గరికి పోతే బాలమల్లు సంగతేమిటి? వేలికి సిరా ఇంకా ఆరలేదు.

సామ్యూల్ ఏడుపు పెంచాడు. "సరిగ్గ యాళ్లకు పోతివి గదనే అవ్వా! అయిదేండ్లసంది తిరిగితె తిరిగితె గిప్పుడు నీకు పించన్ మంజూరాయె! మొన్ననే మనియార్డరొచ్చె! పోస్టాయన నీ ఏలిముద్ర గావాలెనంటుండు. గీ బొక్కల్ల నేనెవలి ఏలు దేవులాడాలెనే అవ్వా!"

తల్లులను వీపుమీద మోస్తున్న కొడుకులు ఎటో చూశారు. లక్ష్మీకాంతరావు కూడా ఎందుకో టోపీ కిందికి లాక్కున్నాడు. తన చేతిలో ఉన్న ముసలి చెయ్యి గట్టిపడటం ఆయనకు తెలిసింది. ఆపాలనుకున్నాడు. ఆలస్యమైపోయింది.

సంతోషమ్మ చెయ్యి విదిలించుకుని, కొంగు తీసేసి, జనాన్ని తోసుకుని మూట దగ్గరికి వచ్చింది. నీలం సిరాతో తడితడిగా ఉన్న బొటనవేలు కొడుకు ముక్కు ముందు ఆడించింది.

"నా ఏలు గీడ ఉందిరా, బద్మాష్!"

సామ్యూల్ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. మూటను చూశాడు, తల్లిని చూశాడు, వెనక్కి పడ్డాడు. బాలమల్లు కళ్ళు మూసుకున్నాడు. మండలాధికారి కుర్చీలోంచి సగం లేచాడు.

ఎస్సై రామచంద్రం నిదానంగా వచ్చి ముసలమ్మ బొటనవేలు పట్టుకుని, ఎండకు ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రావుసాబ్," అన్నాడు, "ఇప్పుడు చెప్పు. గీ ఏలు ఎవలిది?"